ఉపాసంల గోలీ నడువదు

అరటిపండులో సెరొటోనిన్ ఉంటుందట. మా బావ ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి ఈ మహా రహస్యం కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకోలేదు, అరటితోటలకు పేరుపడ్డ అర్ధాపూర్ దాకా పోయి ఏకంగా ఒక గెలను మోటారు సైకిల్‌కు కట్టుకుని వచ్చి, మా అక్క మంచం పక్కన మేకుకు వేలాడదీశాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గెల పండింది, మాగింది, ఇల్లంతా ఈగలు ముసిరాయి. అక్క మాత్రం గోడవైపే తిరిగి ఉంది.

"గిన్ని పండ్లు తినవెట్టినా ఫరక్ వడ్తలేదేంది?" అని బావ నన్నే నిలదీశాడు.

"అరటిపండుతోటే మనసు బాగయ్యేదుంటె అర్ధాపూర్ల ఏడ్చేటోడు ఒక్కడు ఉండొద్దు బావా! పండుల ఉన్న సెరొటోనిన్ కడుపుకాడనే ఆగుతది. మెదడుల అడుగు వెట్టదు."

"మరి ఫోన్ల ఉత్తగనే చెప్తరా?"

చెప్పరు మరి, ఫోన్‌లో ఎవరూ ఏదీ ఉత్తగా చెప్పరు! మందులు ఒంట్లో ఎలా పని చేస్తాయన్నది నేను నాందేడ్‌లోని ఒక ఫార్మసీ కాలేజీలో చెప్పే పాఠం. మా అక్క అత్తగారింట్లో మాత్రం నా చదువుకు ఆ అరటిగెలకున్న పరపతి కూడా లేదు.

అక్క జబ్బు ఒక్కరోజులో వచ్చింది కాదు. నాందేడ్‌లోనే తరోడా నాకా దగ్గర వాళ్ల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషన్. ఆ గల్లీలో సగం మంది ఆడవాళ్లు మా అక్క కుట్టిన జాకెట్లే తొడుగుతారు. మొదట ఆ మిషన్ చప్పుడు తగ్గింది. పెళ్లిళ్ల సీజన్‌లో కూడా గుడ్డలు మూటల్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత మాటలు తగ్గాయి, ఆ తర్వాత తిండి. చివరికి లేచి తల దువ్వుకోవడం కూడా పెద్ద పనయిపోయింది. ఆమె మొహంలో దుఃఖం ఉందని కూడా అనలేను. అసలేమీ లేదు, అదే నాకు భయం. ఒకరోజు నేను పక్కన కూర్చుంటే, "చెల్లె, నేను లేకుంటె గీల్లకు సుకముంటది" అంది, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. మా అమ్మ బాబ్లీ పక్క పల్లెలో పత్తి ఏరడానికి కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి ఈమె. ఈ మనిషి బతకాలి. ఆ తర్వాత నేను అరిచిన అరుపులన్నీ అందుకే.

ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏం తక్కువైంది బిడ్డా నీకు? తినుటానికి తక్కువనా, కట్టుటానికి తక్కువనా?" అని అక్క అత్తగారు రోజుకోసారి మంచం దగ్గర నిలబడి అడిగేది. నవ్వొచ్చే సంగతేమిటంటే, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా చాలాకాలం ఇదే ప్రశ్న వేసుకుని, "సెరొటోనిన్ తక్కువైంది" అని జవాబు రాసుకున్నారు. తక్కువైతే పోయాలి, పోస్తే నిండుతుంది, బండిలో పెట్రోలు పోసినట్టు. మందుల కంపెనీల పిల్లగాళ్లు టైలు కట్టుకుని వచ్చి డాక్టర్లకు ఇప్పటికీ ఆ బొమ్మే చూపిస్తారు. మా అక్క అత్త చదువుకోలేదు కాబట్టి ఆమెను మూర్ఖురాలంటాం. వీళ్లకు టై ఉంది కాబట్టి టీ ఇచ్చి కూర్చోబెడతాం.

ఈ పెట్రోలు కథే నిజమైతే గోలీ వేసుకున్న సాయంత్రానికే మనిషి లేచి కూర్చోవాలి. గోలీ కొన్ని గంటల్లోనే సెరొటోనిన్‌ను పెంచుతుంది కదా! మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. మరి మధ్యలో ఏం జరుగుతోంది?

క్లాసులో దీనికి నేను బాబ్లీ బ్యారేజీ కథ చెబుతాను. మెదడులో పారే నీళ్లు గ్లుటమేట్. ఒక నరకణం ఇంకో నరకణాన్ని తట్టి లేపేది ఎక్కువగా దానితోనే. సెరొటోనిన్ ఆ నీళ్లు కాదు, గేట్ల దగ్గర ఉండే మనిషి. ఒకచోట గేటు ఎత్తుతాడు, ఒకచోట దించుతాడు. గోలీ వేస్తే గేట్ల దగ్గర మనుషులు పెరుగుతారు. అది చూసి వాళ్లను పంపే ఆఫీసు, ఇంతమంది ఎందుకని, పంపడం తగ్గిస్తుంది. సర్కారీ ఆఫీసే మరి! అది దారికి రావడానికే కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత నీళ్లు సరిగ్గా పారి, పూడిపోయిన కాలువలు మళ్లీ తెరుచుకోవాలి. అంటే గ్లుటమేట్‌ను అందుకునే చోట్లు మారాలి, కణాల మధ్య కొత్త అతుకులు పడాలి. అసలు బాగుపడటం అక్కడుందని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. అంతా తేలిపోలేదు. గేట్ల గురించి రెండు రాష్ట్రాలు కొట్టుకున్నట్టే వీళ్లూ ఇంకా కొట్టుకుంటున్నారు. మా పిల్లలు ఇదంతా తలలూపుతూ వింటారు. పరీక్షలో మాత్రం "సెరొటోనిన్ తక్కువైంది" అని రాసి వస్తారు.

అక్కను మానసిక జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి నేను ఆ ఇంట్లో చేసిన యుద్ధం వేరే చెప్పాలి. "పిచ్చి దవాఖాననా? ఇజ్జత్ పోతది" అన్నాడు బావ. వాళ్లకు గల్లీ చివరి డాక్టరు ఉన్నాడు. ఆయన నాడి పట్టుకోకముందే సూది తీస్తాడు. సూది వేసినవాడే డాక్టరు, సలైన్ ఎక్కిస్తే ఇంకా పెద్ద డాక్టరు. అక్క నడుముకు ఎన్ని సూదులు గుచ్చారో దేవుడికెరుక. నేను పోరి తీసుకుపోయిన డాక్టరమ్మ మరాఠీ మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. అక్కతో చాలాసేపు మాట్లాడి, ఒక గోలీ రాసి, నాలుగైదు వారాలు ఓపిక పట్టమంది.

బయటికి రాగానే బావ మొహం చూడాలి! "సూది లేదు, సలైన్ లేదు. ఉత్త ముచ్చట వెట్టి తోలిచ్చింది. గీమె ఏం డాక్టర్?"

వారాలు గడిచాయి. అక్కలో మార్పు లేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. తర్వాత గోలీ మార్చింది. పోయిన ప్రతిసారీ "రోజ్ ఘేతా నా?" అని, అంటే రోజూ వేసుకుంటున్నారు కదా అని అడిగేది. బావ గంగిరెద్దులా తలూపేవాడు. పైగా ఫిర్యాదు కూడా చేసేవాడు: "గీ గోలీలు ఆమెకు వడ్తలేవు మేడం. కండ్లు తిరుగుతున్నయంటది." డాక్టరమ్మ నుదురు చిట్లించి రాసుకునేది.

చివరికి ఆమె, గోలీలకు లొంగని రకంలా ఉంది, కెటమిన్ ఇచ్చి చూద్దామంది. ఆపరేషన్లప్పుడు మత్తుకు వాడే మందే. తక్కువ మోతాదులో, పక్కన మనిషి ఉండి బీపీ చూస్తూ ఎక్కించాలి. ఇది సెరొటోనిన్ తోవలో పోదు, గ్లుటమేట్ తోవలో పోతుంది. గ్లుటమేట్ అందుకునే తలుపుల్లో ఒక రకాన్ని మూసేస్తుంది. మూస్తే నీళ్లు ఆగాలి కదా అంటారు పిల్లలు. ఆగవు. ముందుగా మూతపడేవి కాపలా కణాల తలుపులని ఒక వాదన. కాపలా సడలగానే గ్లుటమేట్ ఒక్కసారి పొంగి ఇంకో రకం తలుపు గుండా దూసుకుపోతుంది. వారాలు పట్టే కొత్త అతుకులు కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. అయితే ఈ మందు కూడా ఒంటరిగా గెలిచేది కాదేమో. సెరొటోనిన్ ఖాళీ చేసిన ఎలుకల్లో దీని సత్తువ తగ్గిపోవడం ప్రయోగశాలల్లో చూశారు. నీళ్లు పొంగినా గేటు దగ్గర మనిషి కావాల్సిందే.

ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే నా నోటి నుంచి "గ్లుటమేట్" అన్న మాట జారింది. అదే నా పాపం. మర్నాడు బావ చైనీస్ నూడుల్స్ బండివాడి దగ్గర నుంచి ఒక పొట్లం తెచ్చాడు. వాడు నూడుల్స్ మీద చల్లే తెల్లటి ఉప్పు.

"గిండ్ల గదే ఉంటదట గద! పప్పుల ఇంత కలిపితె అయిపాయె. దవాఖాన దాకా ఎందుకు?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మా బావ. ఆ పొట్లం తీసుకుపోయి మోరీలో పారబోశాను. తిన్న గ్లుటమేట్ తిన్నట్టు మెదడులోకి పోయేదైతే నూడుల్స్ బండి దగ్గర నిలబడ్డ ప్రతివాడూ మహాజ్ఞాని కావాలి.

కెటమిన్‌ను సలైన్‌లో కలిపి ఎక్కిస్తారని తెలియగానే మాత్రం ఇంట్లో పండగే. మందేమిటో, దేనికో ఎవరూ అడగలేదు. సలైన్ సీసా వేలాడుతుంది, అంతే చాలు. "గిప్పుడు షురువైంది సక్కటి ఇలాజ్" అంది అత్త, దిష్టి తీసి పంపిస్తూ.

మందు ఎక్కుతున్నంతసేపూ అక్క చెయ్యి నా చేతిలోనే ఉంది. "పైకి తేలుతున్ననే చెల్లె, ఇడువకు" అంది ఒకసారి. తర్వాత కళ్లు మూసుకుంది. ఆ పొద్దు గుంకేటప్పుడు దవాఖానా మంచం మీద లేచి కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

"నీ జాకెట్ చంక కాడ కుట్టు ఇడిసింది. ఏ దర్జీ కుట్టిండే గిది? వానికి చేతులున్నయా?"

అన్ని నెలల తర్వాత ఆమె ఒక వస్తువును చూసి, అది బాగోలేదని కోప్పడింది! నేను వరండాలోకి పోయి గోడకానుకుని భోరున ఏడ్చాను. చూసినవాళ్లు ఎవరో పోయారనుకుని ఉంటారు. డాక్టరమ్మ వచ్చి, ఇది ఎక్కువకాలం నిలవదు, గోలీ మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు, అదే దీన్ని పట్టి నిలబెట్టాలి అని మరీ మరీ చెప్పింది. బావ గంగిరెద్దు తల ఊపాడు.

వారం తిరగకముందే అక్క మళ్లీ గోడవైపు తిరిగింది.

నేను కాలేజీకి సెలవు పెట్టి మధ్యాహ్నం పూట వెళ్లాను. అక్క పడుకుని ఉంది. అత్త చాప మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. గూట్లో గోలీల డబ్బా దేవుడి పటం వెనక్కి తోసి ఉంది.

"అత్తమ్మా, అక్క గోలీ ఏసుకున్నదా?"

"ఇయ్యాల గురువారం గద బిడ్డా, దత్తునిది. ఉపాసంల గోలీ నడువదు."

నాకు మొదట అర్థం కాలేదు. "మరి రేపు?"

"రేపు ఏసుకుంటది. ఎల్లుండి మల్ల ఎంకన్న శనివారం."

"సోమవారం?"

"శివునిది."

"మంగళారం?"

"మాహూరు రేణుకమ్మది. గది నీ అక్కనే కొత్తగ పట్టింది" అంది అత్త, గర్వంగా. "మస్తు భక్తి మా కోడలికి. చవితి ఇడువది, ఏకాదశి ఇడువది. గీ కాలంల ఎవలు చేస్తరు గిట్ల?"

ఓరి దేవుడా! ఇది రెండు భాషల ఇల్లు. మరాఠీ దేవుళ్లను కాదనలేరు, తెలుగు దేవుళ్లను వదులుకోలేరు. ఇద్దరి ఉపవాసాలూ కలిపితే వారంలో తిండి రోజులు మూడే మిగులుతాయి. గోలీ ఆ తిండి రోజుల్లోనే పడుతోంది. మధ్యలో ఆపి ఆపి వేస్తే కళ్లు తిరగవా? మందు వేసుకోని రోజుల పాపాన్ని కూడా మందు నెత్తినే రుద్దారు. ఇందులో అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ లేరు. రోజూ స్నానం చేస్తావా అంటే జ్వరం రోజులు లెక్కలోకి రానట్టే, రోజూ గోలీ వేస్తారా అంటే ఉపవాసాలు లెక్కలోకి రావు. ఆ ఇంట్లో అది చెప్పాల్సిన సంగతే కాదు. ఇటు డాక్టరమ్మ, నేను, మందుకు లొంగని జబ్బని పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

"గోలీ ఎందుకు నడువది అత్తమ్మా?"

"దాంట్ల ఏం కలుపుతరో ఎవలకెరుక? గుడ్డు గిట్ల కలిపితె?"

"సాబుదానా మిషన్ల తయారైతది. గది నడుస్తది. చాయ్ నడుస్తది, ఆలుగడ్డ చిప్స్ నడుస్తయి. పాణం నిలవెట్టే గోలీ ఒక్కటి నడువదా?"

"సాబుదానా నడుస్తది బిడ్డా. అందరికెరుకే."

సగ్గుబియ్యం నడుస్తుందట, గోలీ నడవదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! నేను గొంతు చించుకున్నాను. చంపుతున్నారు మా అక్కను, భక్తి పేరు పెట్టి ఆకలితో చంపుతున్నారు అన్నాను. అత్త పల్లీల చేట ఎత్తుకుని, నీతో ఎవరు వాదిస్తారన్నట్టు పెరట్లోకి పోయింది.

అప్పుడు అక్క గోడవైపే తిరిగి ఉండి మాట్లాడింది.

"ఆమెనేమనకు చెల్లె. ఉపాసాలు నేనే పట్టిన."

"ఎందుకే?"

"నాకు ముద్ద దిగది. ఉత్తగ తినకుంటె రోగమంటరు, ఎందుకు తింటలేవని పాణం తీస్తరు. ఉపాసమంటె ఎవ్వలు అడగరు. పండుకున్నా అడగరు, మాట్లాడకున్నా అడగరు. కాళ్లు మొక్కి పోతరు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. ఇక్కడ రోగం కోరిందీ ఉపవాసమే, ఇల్లు మెచ్చిందీ ఉపవాసమే. అక్క రోజుకింత ఎండిపోతుంటే వీళ్లు పక్కింటివాళ్లను పిలిచి చూపించుకున్నారు, మా కోడలు ఎంత నిష్ఠాపరురాలో అని. తిండి మానిన మనిషికి దండం పెట్టే లోకాన్ని ఏమనాలి? నాకు వచ్చిన తిట్లన్నీ మూడు భాషల్లోనూ అయిపోయాయి.

డాక్టరమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. చీటీ మీద గోలీ పేరు కింద మరాఠీలో పెద్ద అక్షరాలతో "ఉపవాసాలా చాల్తే" అని రాసింది, అంటే ఉపవాసానికి నడుస్తుందని. కింద సంతకం, దాని మీద స్టాంపు. "ఉపవాసాలు మాన్పించొద్దు. ఇప్పుడు వాటిని లాక్కుంటే ఆమె దాక్కోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటుంది. గోలీ పడనివ్వండి. ఆకలి వచ్చిన రోజు ఆమే వదిలేస్తుంది" అంది.

చీటీ చూపిస్తే బావ చదివి వినిపించాడు. అత్త ఆ స్టాంపును వేలితో తడిమి చూసింది. ఇన్నాళ్లు నా చదువుకు కరగని మనిషి ఊదారంగు సిరాకు కరిగిపోయింది. "గట్లయితె మంచిదే" అని, గోలీల డబ్బాను పటం వెనక నుంచి తీసి ముందు పెట్టింది. దత్తుడికీ వెంకన్నకూ రాని అభ్యంతరం ఆ తర్వాత ఎవరికీ రాలేదు.

సలైన్ మళ్లీ కొన్నిసార్లు ఎక్కించారు. ఈసారి గోలీ తెగకుండా పడింది. అక్క మెల్లగా, చాలా మెల్లగా ఇటు తిరిగింది. ఒకవారం బాగుండేది, ఇంకోవారం కూలబడేది. లోపల నీళ్లూ, గేట్లూ కలిసి ఏం చేశాయో సరిగ్గా చెప్పగలనని నేను అనను. ఎవరైనా అంటే నమ్మొద్దు. బావ మాత్రం గల్లీ అంతా సలైన్ మహిమ చాటుకుంటూ తిరిగాడు.

ఆషాఢ ఏకాదశి నాడు వాళ్లింటికి పోయాను. మహారాష్ట్రలో ఆ రోజు ఉపవాసం ఉండనివి బహుశా పశువులే. ఇంటినిండా సాబుదానా ఖిచిడీ వాసన. అక్క మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్ కుట్లు విప్పుతోంది. ఉన్నట్టుండి చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"నాకు ఆకలైతున్నది."

అత్త పరుగున ఖిచిడీ పళ్లెం తెచ్చింది.

"గది కాదు అత్తమ్మా. జొన్నరొట్టె తింట. ఎల్లిపాయ కారంతోని."

"అవ్వో! ఏకాదశి గదనే! ఏడాదిల పెద్ద ఏకాదశి!"

"ఎరుకే. దేవునికి నేను చెప్పుకుంట. మీరు జర పక్కకు జరుగుండ్రి."

అక్క వంటింట్లోకి పోయి పొయ్యి అంటించింది. పిండి కలిపి రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ముందు గదిలోకి వినబడుతుంటే బావ చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు. పొయ్యి ముందే పీట మీద కూర్చుని, వేడివేడి రొట్టె తుంచి కారం అద్దుకుని తింది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, కారానికే కావచ్చు. అయినా ఆపలేదు. రెండో రొట్టె పెనం మీద వేసింది.

అత్త కాసేపు అటూ ఇటూ తిరిగింది. దేవుడి గూటి దగ్గరికి పోయి పరదా మూసేసింది. అప్పుడు వచ్చి అక్క పక్కన నీళ్ల చెంబు పెట్టింది.

"మెల్లగ తిను" అంది. "ఎవలు గుంజుకుంటరు?"